కూల్డ్రే: రాజమండ్రిలో ఒక బ్రిటిష్ చిత్రకారుడు, ఆయన తెలుగు శిష్యులు

పరిచయం

గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు విద్యార్థులకు బ్రిటిష్ పాలన అనగానే మాంగనీసు గనులు గుర్తుకు రావడం సహజం. కోడూరు వద్ద 1892లో తవ్వకం మొదలైంది. భారతదేశంలో మాంగనీసు ఖనిజాన్ని వ్యాపారం కోసం తవ్వడం ఈ ప్రాంతంలోనే ఆరంభమైంది. ఖనిజం రేవుకు చేరి ఓడలెక్కింది. భీమునిపట్నం నుంచి గోగునార కూడా అలాగే వెళ్ళింది. పాలకుడు వచ్చాడు, తవ్వుకున్నాడు, తీసుకుపోయాడు అన్నది మనం గత పాఠాలలో చదివిన ఆర్థిక చరిత్రకు సారం. అది నిజం కూడా.

గరివిడి మీదుగా వెళ్ళే మద్రాసు రైలు మార్గంలోనే దక్షిణంగా రాజమండ్రి ఉంది. గనుల తవ్వకం జోరుగా సాగుతున్న ఆ కాలంలోనే అక్కడి ప్రభుత్వ కళాశాలలో ఒక ఆంగ్లేయుడు పదేళ్ళపాటు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. ఆయన పేరు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. వృత్తి అధ్యాపకత్వం, ప్రవృత్తి చిత్రకళ, కవిత్వం. ఆధునిక ఆంధ్ర చిత్రకళను గురించిన ఏ పుస్తకమైనా ఆయన పేరుతోనే మొదలవుతుంది. అయితే చాలా పుస్తకాలు ఆయనకు ఒక్క వాక్యం కేటాయించి ముందుకు సాగిపోతాయి. "దామెర్ల రామారావును ప్రోత్సహించిన ఆంగ్లేయుడు" అన్నదే ఆ వాక్యం. పరీక్షలో రెండు మార్కులకు అది సరిపోవచ్చు. చరిత్ర విద్యార్థి మాత్రం ఇంకొక ప్రశ్న వేయాలి. మన చిత్రకళ ఒక పరాయి పాలకవర్గానికి చెందిన మనిషి ఇచ్చిన దానమా? కాకపోతే ఆయన ఇచ్చింది ఏమిటి?

నాటి చిత్రకళా విద్య

ఈ ప్రశ్నకు సమాధానం వెతికే ముందు, అప్పట్లో బొమ్మలు వేయడం ఎలా నేర్పేవారో తెలుసుకోవాలి. మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే సైనిక వైద్యుడు 1850లో చిత్రకళా పాఠశాలను నెలకొల్పాడు. 1854లో కలకత్తాలో, 1857లో బొంబాయిలో ఇటువంటివే వచ్చాయి. వీటి ప్రధానోద్దేశం చిత్రకారులను తయారుచేయడం కాదు. వృత్తిపనివారికి రేఖాగణితం, నకలు తీయడం, నమూనాలు గీయడం నేర్పి, ప్రభుత్వ పనులకూ మార్కెట్టుకూ పనికివచ్చేటట్లు చేయడం. ఐరోపా నుంచి తెచ్చిన సున్నపు విగ్రహాలను ఎదురుగా పెట్టుకుని విద్యార్థులు ఉన్నదున్నట్లు గీసేవారు. గ్రీకు దేవత ముక్కు ఎలా ఉంటుందో తెలిసిన విద్యార్థికి పక్కింటి అవ్వ ముఖం గీయడం వచ్చేది కాదు.

మరొకవైపు రాజా రవివర్మ (1848–1906) తైలవర్ణ చిత్రాలు అచ్చుబొమ్మలుగా దేశమంతా వ్యాపించాయి. లక్ష్మి, సరస్వతి, శకుంతల మన ఇళ్ళ గోడల మీదికి వచ్చినది ఆయన అచ్చుయంత్రం ద్వారానే. ఈ పద్ధతి మీద తిరుగుబాటు కలకత్తాలో వచ్చింది. అక్కడి కళాపాఠశాల అధిపతి ఇ.బి. హావెల్ కూడా ఆంగ్లేయుడే. అంతకుముందు మద్రాసు పాఠశాలలో పనిచేసినవాడు. భారతీయ విద్యార్థి మొగలు, రాజపుత్ర చిత్రాలను చూసి నేర్చుకోవాలని ఆయన వాదించాడు. అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు ఆ దారిలో బెంగాల్ శైలిని రూపొందించారు. పలుచని రంగు పూసి, నీటితో కడిగి, మళ్ళీ పూసి పొగమంచులాంటి వాతావరణాన్ని తీసుకురావడం ఆ శైలి ప్రత్యేకత.

తెలుగు జిల్లాలలో ఈ వాదోపవాదాలేవీ లేవు. ఎందుకంటే ఇక్కడ కళాపాఠశాలే లేదు. బొమ్మలు నేర్చుకోవాలంటే మద్రాసుకో బొంబాయికో వెళ్ళాలి. ఆ ఖర్చు భరించగల కుటుంబం కొడుకును ప్లీడరును చేయాలనుకుంటుంది.

1907 తరువాతి రాజమండ్రి

కూల్డ్రే 1882లో ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ పట్టణంలో జన్మించాడు. అక్కడి పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలోను చదివి, ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరాడు. 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు.

ఈ తేదీలను జాగ్రత్తగా చూడండి. అంతకు రెండేళ్ళ ముందు, 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ ఉపన్యాసాలను తెలుగులో వినిపించాడు. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చారు. నాటి ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దానిని సహించలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించారు. మరెందరో విద్యార్థులు శిక్షలకు గురయ్యారు. ఆంధ్రలో విద్యార్థి ఉద్యమానికి ఇది తొలి ఘట్టం.

అంటే కూల్డ్రే అడుగుపెట్టినది ప్రశాంతమైన విద్యాలయంలోకి కాదు. అక్కడి విద్యార్థుల దృష్టిలో ప్రిన్సిపాల్ గది అంటే శిక్షించే గది. పైగా ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసు అంటేనే పైమెట్టు ఉద్యోగాలను ఐరోపావారికి కేటాయించే ఏర్పాటు. అదే చదువు చదివిన భారతీయుడు కింది మెట్టులో, తక్కువ జీతానికి పనిచేయాలి. కూల్డ్రే ఎంత మంచివాడైనా ఆ ఏర్పాటులో భాగమే. ఈ విషయాన్ని పక్కనపెట్టి ఆయనను కేవలం కళాపోషకుడుగా చిత్రించే వ్యాసాలు పాఠకుడికి సగం చరిత్రే చెబుతున్నాయి.

తరగతి గది వెలుపల

కళాశాలలో చిత్రలేఖనం పాఠ్యవిషయం కాదు. కూల్డ్రే జీతం తీసుకున్నది దానికోసం కాదు. బొమ్మలు వేసే, పద్యాలు రాసే విద్యార్థులను ఆయన తరగతి వెలుపల దగ్గరకు తీశాడు. వారిలో ముఖ్యులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు. ఒకరు చిత్రకారుడు, ఒకరు కవి, నవలా రచయిత, చిత్రకారుడు అన్నీ అయినవాడు, మూడవవాడు కవి. ఈ కలయిక గమనించదగినది. అది చిత్రకళా తరగతి కాదు, ఒక చిన్న సాహిత్య కళాగోష్ఠి.

శిష్యులను ఆయన అజంతా, ఎల్లోరా గుహలకు తీసుకువెళ్ళాడు. ఈ ప్రయాణం ప్రాముఖ్యం నేటి విద్యార్థికి వెంటనే తట్టకపోవచ్చు. అజంతా బొమ్మలు ఇప్పుడు పాఠ్యపుస్తకం అట్టమీదే కనిపిస్తాయి. ఆ రోజుల్లో రంగులలో అచ్చయిన అజంతా చిత్రాలు చాలా అరుదు. లేడీ హెరింగ్‌హామ్ నాయకత్వంలో నందలాల్ బోస్ మొదలైనవారు 1909–11 మధ్య అక్కడ నకళ్ళు తీశారు. అవి పుస్తకంగా వచ్చింది 1915లో. గోదావరి జిల్లా కుర్రవాడు నైజాం రాజ్యంలోని ఆ గుహ లోపల నిలబడి, దీపం వెలుతురులో గోడమీది బోధిసత్వుని చూడడమంటే, మన దేశంలో కూడా మహాచిత్రకారులుండేవారని మొదటిసారి కళ్ళతో తెలుసుకోవడం. సున్నపు గ్రీకు విగ్రహం నేర్పలేనిది ఇదే.

ఇందులో ఒక చిత్రమైన మలుపు కూడా ఉంది. కృష్ణా తీరంలో తెలుగునేల శిల్పులు చెక్కిన అమరావతి ఫలకాలలో పెద్ద భాగం అప్పటికే ఓడలెక్కి ఇంగ్లండు చేరింది. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ వెళ్ళగలిగిన ఆంగ్లేయుడు అమరావతిని చూడగలడు, రాజమండ్రి విద్యార్థి చూడలేడు. మన వారసత్వాన్ని మనకు చూపించడానికి ఒక ఆంగ్లేయుడు అవసరమయ్యాడంటే దానికి కారణం మన అజ్ఞానం మాత్రమే కాదు. చూసే అవకాశం ఎవరి చేతిలో ఉన్నదన్నది అసలు కారణం. మాంగనీసుకు వర్తించిన సూత్రమే పాలరాతికీ వర్తించింది.

కూల్డ్రే స్వయంగా వేసిన చిత్రాల సంగతి ఏమిటి? ఆయన రేఖాచిత్రాలు, నీటిరంగుల చిత్రాలు వేశాడు. తెలుగుదేశపు అనుభవాలతో 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే పుస్తకం వెలువరించాడు. అంతకుముందు 1920లో వచ్చిన కవితా సంపుటికి 'థేమ్స్ అండ్ గోదావరి' అని పేరు పెట్టాడు. పుట్టిన ఊరి నదినీ, పనిచేసిన ఊరి నదినీ పక్కపక్కన నిలిపిన ఆ పేరే ఆయన మనసు చెబుతుంది. అయినా బ్రిటిష్ చిత్రకళా చరిత్రలో ఆయనకు చెప్పుకోదగ్గ స్థానం లేదు. ఉండనవసరం కూడా లేదు. ఆయన ప్రతిభ తన కుంచెలో కంటే ఎదుటివాడి కుంచెను గుర్తించడంలో ఎక్కువగా ఉంది.

అభ్యాసం: మీ ఊరిలో పండుగకు ఇంటి గోడమీద, గడపమీద, వాకిట్లో వేసే బొమ్మలను పరిశీలించండి. వాటిని ఎవరు వేస్తారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? అర పుటలో రాయండి.

దామెర్ల రామారావు

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించాడు. అతని ప్రతిభను గుర్తించిన కూల్డ్రే అతన్ని బొంబాయిలోని జె.జె. కళాపాఠశాలకు పంపించడంలో చొరవ తీసుకున్నాడు. 1916 నుంచి 1920 వరకు రామారావు అక్కడ చదివాడు. అప్పటి అధిపతి సెసిల్ బర్న్స్. రామారావు చదువు ముగిసే దశలో గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆ స్థానానికి వచ్చి, సజీవమైన మనుషులను ఎదురుగా ఉంచుకుని గీసే తరగతులను ప్రవేశపెట్టాడు. మానవదేహ నిర్మాణంపై రామారావు సాధించిన పట్టుకు బొంబాయి శిక్షణే ఆధారం.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. రామారావు ముందు రెండు దారులున్నాయి. ఒకటి బొంబాయి దారి. వెలుగునీడలు, కొలతలు, తైలవర్ణం. రెండవది కలకత్తా దారి. అతడు ఉత్తరాదిన పర్యటించి బెంగాల్ చిత్రకారుల పనిని కూడా చూశాడు. రాజమండ్రి తిరిగి వచ్చాక వేసిన చిత్రాలలో ఈ రెండూ పూర్తిగా కనిపించవు. దేహం బొంబాయి చదువుకు తగినట్లు గట్టిగా నిలబడుతుంది. దాని చుట్టూ సాగే రేఖ మాత్రం అజంతాను తలపిస్తుంది. బెంగాల్ పొగమంచు అతనికి నచ్చినట్లు లేదు. గోదావరి ఎండలో పెరిగినవాడికి మంచు ఎందుకు నచ్చుతుంది అని సరదాగా అనుకోవచ్చు. అతని స్త్రీమూర్తులు కట్టు, బొట్టు, కొప్పు అన్నింటిలోనూ తెలుగువారు.

'ఋష్యశృంగ భంగం' 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది. స్త్రీని ఎన్నడూ చూడని ముని కుమారుడు వేశ్యల ఆకర్షణకు లోనైన ఘట్టం దాని ఇతివృత్తం. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ' అతని ఇతర ప్రసిద్ధ చిత్రాలు. తూర్పు కనుమల నడుమ గోదావరిని చూపిన ప్రకృతి చిత్రాన్ని వైస్రాయి లార్డ్ రీడింగ్ కొన్నాడు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు కూడా రామారావు చిత్రాలు వెళ్ళాయి. కూల్డ్రే 'సౌత్ ఇండియన్ అవర్స్' అచ్చయినది ఆ సంవత్సరమే. గురువు తెలుగు జిల్లాల గురించి ఇంగ్లండులో పుస్తకం వేస్తున్నప్పుడు, శిష్యుడు వేసిన తెలుగు మనుషులు ఇంగ్లండు గోడలెక్కారు.

కీర్తి కంటే ముఖ్యమైన పని మరొకటి ఉంది. రామారావు బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడలేదు. రాజమండ్రిలోనే చిత్రకళాశాల ప్రారంభించి, విద్యార్థులకు నేర్పాడు. అతని భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. 1920లలో ఒక తెలుగు ఇంటిలో స్త్రీలు చిత్రకళను సాధన చేయడం సాధారణ విషయం కాదు. పుస్తకాలు వారి పేర్లను తరచు వదిలేస్తాయి.

1925 ఫిబ్రవరి 6న రామారావు మశూచితో మరణించాడు. ఇరవై ఎనిమిదవ పుట్టినరోజుకు ఇంకా నెల రోజులుంది. చదువు ముగిసిన తరువాత అతనికి దొరికిన కాలం అయిదేళ్ళు మాత్రమే. పాఠశాల మాత్రం అతనితో పోలేదు. స్నేహితుడు, చిత్రకారుడు వరదా వెంకటరత్నం దానిని నడిపించాడు. రామారావు చిత్రాలు చెల్లాచెదరు కాకుండా రాజమండ్రిలోని ఆయన స్మారక చిత్రశాలలో భద్రపరచబడ్డాయి. కోరుకొండ, పెద్దాపురం వైపు విహారయాత్రకు వెళ్ళే విద్యార్థులు రాజమండ్రిలో ఒక పూట ఆగి వాటిని చూడవచ్చు. అచ్చుబొమ్మలో తెలియని రంగు అక్కడ తెలుస్తుంది.

గురువు దారి, శిష్యుల దారి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కూల్డ్రే ఇచ్చింది శైలి అయి ఉంటే, శిష్యులందరూ ఒకే రకంగా వేసేవారు. అలా జరగలేదు. రామారావు బొంబాయి వెళ్ళాడు. అడివి బాపిరాజు (1895–1952) మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాల్ చిత్రకారుడు ప్రమోదకుమార్ చటర్జీ వద్ద నేర్చుకుని, బెంగాల్ పద్ధతికి దగ్గరగా ఉండిపోయాడు. 1930లలో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయన నవల 'నారాయణరావు' ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'తో కలిసి బహుమతి పంచుకుంది. కవికొండల కవిత్వంలోనే మిగిలాడు. ఒకే గురువు దగ్గర ముగ్గురూ నేర్చుకున్నది శైలి కాదు. తమ చుట్టూ ఉన్నదాన్ని చూడవచ్చు, అది బొమ్మకు తగినదే అన్న ధైర్యం.

ఇంకొక సాక్ష్యం ఇంతకంటే బలమైనది. సహాయనిరాకరణోద్యమంలో పాల్గొని బాపిరాజు 1922లో జైలుకు వెళ్ళాడు. బ్రిటిష్ ప్రిన్సిపాల్‌కు ప్రియశిష్యుడైనవాడు బ్రిటిష్ ప్రభుత్వపు ఖైదీ అయ్యాడు. గురువు మీది ప్రేమ అతన్ని రాజభక్తుడిని చేయలేదు. కళ విషయంలో నీ దేశాన్ని నువ్వు చూసుకో అని నేర్పితే, విద్యార్థి రాజకీయాలలో కూడా అదే చేస్తాడు. కూల్డ్రే దానిని ఉద్దేశించాడని అనలేం. బోధనకు ఫలితాన్ని నిర్ణయించేది బోధకుడు మాత్రమే కాదు.

ఆ తరంలో ఈ చూపు ఒక్క రాజమండ్రికే పరిమితం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎడిన్‌బరోలో చదివిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. 1917లో అది వెలువడింది. చీరాల పేరాల ఉద్యమ నాయకుడిగానే మనకు తెలిసిన ఆయన భారతీయ నాట్యకళ మీద పనిచేశాడంటే, నాటి జాతీయవాదులకు కళ పక్కవిషయం కాదన్నమాట. కూల్డ్రే లేకపోయినా తెలుగువారు తమ కళను తిరిగి చూసేవారే. అయితే రామారావు అనే ఒక కుర్రవాడు సరైన వయసులో బొంబాయి చేరేవాడా అన్నది వేరే ప్రశ్న. దానికి 'చేరేవాడు' అని తేలికగా చెప్పలేం. వ్యక్తుల పాత్ర చరిత్రలో ఇటువంటి చోటనే తేలుతుంది.

ఉత్తరాంధ్రలో ఏం జరిగింది?

రాజమండ్రిలో ఉన్నది విజయనగరంలో ఎందుకు లేదు అని మీకు సందేహం రావచ్చు. ధనం లేక కాదు. విజయనగర సంస్థానం సంస్కృత కళాశాలను, మహారాజా కళాశాలను పోషించింది. గురజాడ పనిచేసినది అక్కడే. కూల్డ్రే రాజమండ్రి విడిచివెళ్ళిన 1919లోనే విజయనగరంలో సంగీత కళాశాల ప్రారంభమైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే బోధించాడు. బొబ్బిలి అనగానే వీణ. ఈ ప్రాంతపు ప్రభువులు వినే కళను పోషించారు. చూసే కళకు అటువంటి ఆశ్రయం కల్పించలేదు.

అంతమాత్రాన ఇక్కడ బొమ్మలు లేవనుకోకూడదు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండలలో సవరలు ఇంటి గోడమీద ఎర్రమట్టి పూసి, బియ్యపు పిండితో మనుషులను, ఏనుగులను, చెట్లను, పూర్వీకులను చిత్రిస్తారు. అది అలంకారం కాదు, పితృదేవతలకు చోటివ్వడం. ఇంగ్లండులో పుట్టి భారత పౌరుడైన వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిత్రాలను వివరంగా నమోదుచేశాడు. ఆ గోడలకు ఏ ఆంగ్లేయ గురువూ అవసరం కాలేదు. అయితే కళాపాఠశాలలు వాటిని చాలాకాలం చిత్రకళగా లెక్కించలేదు.

ఈ ప్రాంతానికి సొంత చిత్రకళాశాల కల్పించినవాడు అంట్యాకుల పైడిరాజు. ఆయన 1919లో బొబ్బిలిలో జన్మించాడు. కూల్డ్రే రాజమండ్రి వదిలిన సంవత్సరమే అది. మద్రాసు కళాపాఠశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి వద్ద చదివాడు. హంటర్ స్థాపించిన ఆ పాఠశాలకు 1929లో అధిపతిగా వచ్చిన తొలి భారతీయుడు రాయ్ చౌదరి. అంటే పైడిరాజు తరానికి వచ్చేసరికి గురువు స్థానంలో ఆంగ్లేయుడు లేడు. చదువు ముగిశాక పైడిరాజు మద్రాసులో ఉండిపోకుండా తన ప్రాంతానికి తిరిగి వచ్చాడు. ఆయన బొమ్మలలోని పల్లె స్త్రీలు, చదునైన రంగులు జానపద చిత్రరీతికి దగ్గరగా ఉంటాయి. రామారావు అజంతాలో వెతికిన రేఖను ఈయన ఊరి వాకిట్లో వెతికాడనవచ్చు.

1949లో పైడిరాజు విజయనగరంలో పాఠశాల తెరిచేనాటికి రామారావు మరణించి ఇరవై నాలుగేళ్ళు. బాపిరాజు ఇంకా రాస్తున్నాడు, గీస్తున్నాడు. కూల్డ్రే ఆబింగ్డన్‌లో థేమ్స్ ఒడ్డున వృద్ధాప్యం గడుపుతున్నాడు. 1958లో అక్కడే మరణించాడు.